కక్కించవద్దు: పిల్లలు ఆమ్లమో క్షారమో మింగినప్పుడు

బాత్రూమ్ కడిగే ద్రావణం పాప తాగిందని తెలియగానే పెద్దవాళ్లు ముందు చేసే పని, ఎలాగైనా కక్కించాలని నోట్లో వేలు పెట్టడం. పిల్లల వార్డులో నర్సుగా నేను ప్రతి తల్లిదండ్రులనూ బతిమాలుకునేది ఇదే. దయచేసి కక్కించకండి. అన్నవాహికను కాలుస్తూ దిగిన ద్రవం వాంతితో మళ్లీ అదే దారిన పైకి వస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. ఉప్పునీళ్లు పట్టవద్దు. ఆమ్లానికి వంటసోడా, క్షారానికి నిమ్మరసం విరుగుడు అనుకోవద్దు. క్షారంతో నిమ్మరసం కలిసినచోట వేడి పుడుతుంది, ఆమ్లంతో సోడా కలిస్తే గ్యాసు పుట్టి కడుపు ఉబ్బుతుంది.

సీసా లాగేసి, నోటిని తడిగుడ్డతో తుడవండి. పుక్కిలించి ఉమ్మేయగల వయసైతే నీళ్లతో పుక్కిలింపజేయండి. తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడగండి. కంట్లో పడితే ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. డాక్టరో విష సమాచార కేంద్రమో ఫోనులో చెబితే తప్ప తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వవద్దు. లేబుల్ ఉన్న సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. ఎప్పుడు తాగిందో, ఎంత తాగిందో మేము తప్పక అడుగుతాం. ఊపిరి కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, మత్తుగా ఉన్నా అంబులెన్సు పిలవండి.

నోట్లో పుండ్లు లేవు కదా అని ఇంట్లో ఉండిపోకండి. నోరు శుభ్రంగా కనిపిస్తూనే అన్నవాహిక కాలి ఉండవచ్చు. ముందుకు వంగి కూర్చుని, సొంత ఉమ్మి కూడా మింగలేక గడ్డం మీదుగా చొంగ కారుస్తూ, ఏడవడానికీ భయపడే పిల్లను చూస్తే మాకు గుండె జారిపోతుంది. మూసుకుపోయిన మురుగు గొట్టాలను శుభ్రం చేసే క్షారాలు మరీ ప్రమాదం. ఆమ్లం నాలుకకు తగలగానే చురుక్కుమంటుంది కాబట్టి పిల్లలు చాలాసార్లు ఉమ్మేస్తారు. క్షారానికి అంత రుచీ వాసనా ఉండవు, మింగేస్తారు. అది కండను కరిగిస్తూ లోతుకు పోతుంది.

అవసరమైతే ఎండోస్కోపీ (కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో అన్నవాహిక లోపల చూసే పరీక్ష) సాధారణంగా మొదటి 24 గంటల్లోనే చేస్తారు. ఆలస్యమైతే కణజాలం మెత్తబడి, చిల్లు పడే ముప్పు పెరుగుతుంది. ఇంటికి పంపాక కూడా కొన్ని వారాలు గమనించాలి. మూడో వారం నుంచి మచ్చ బిగుసుకుని అన్నవాహిక ఇరుకు కావచ్చు. ముద్ద అడ్డుపడుతున్నా, గట్టి ఆహారం వద్దంటున్నా మారాం అనుకోకుండా తీసుకురండి.

బటన్ బ్యాటరీ (బొమ్మల్లో, రిమోట్లలో ఉండే చిన్న గుండ్రటి బిళ్ల లాంటి బ్యాటరీ) మింగినా ఇలాంటి కాలిన గాయమే. అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే తీవ్రంగా కాలుస్తుంది. ఏడాది దాటిన బిడ్డ మింగి 12 గంటలు కాకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్ల వరకు. తేనె కోసం ఆగి ఆలస్యం మాత్రం చేయవద్దు. ద్రవం తాగిన పిల్లలకు ఈ తేనె పద్ధతి వర్తించదు.

ఇక నివారణ. ఏ ద్రావణాన్నీ నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చకండి. పిల్లలకు ఆ సీసా అంటే తాగేది, అంతే. తాళం వేసిన అల్మరా మంచిదే కానీ, వాడుతున్న సమయమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినది. మూత తీసి నేల మీద పెట్టి, ఫోను మోగిందని లేచి వెళ్లే ఆ ఒక్క నిమిషం చాలు. ఫోను మోగితే మోగనివ్వండి, ముందు మూత బిగించి సీసా పైన పెట్టండి.