డాక్టర్ రాసిన మందులు వాడుతూ ఉద్యోగంలో డ్రగ్ టెస్టు ఎలా ఇవ్వాలి?

హనుమకొండలో ఉండే మా తమ్ముడికి మూర్ఛ ఉంది. రోజూ రాత్రి క్లోబజామ్ మాత్ర వేసుకుంటాడు. కొత్త ఉద్యోగం కోసం మూత్ర పరీక్ష ఇస్తే ‘పాజిటివ్’ అన్నారు. ఏ మందులు వాడుతున్నావని ఒక్కరూ అడగలేదు. రెండు వారాలు వాడు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ అవమానం ఇంకొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా మందుల చీటీ వెతికి పెట్టుకోండి. పోయిందా? మందు కొన్న షాపుకు వెళ్ళండి. ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలం, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్‌లలో ఉండే కోడీన్ వంటివి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మి, లెక్క రాయాల్సినవి. వాటిని అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారన్నదీ రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు అందులో ఉంటుంది. డాక్టర్ దగ్గర కొత్త చీటీ, మందు ఎందుకు వాడుతున్నారో తెలిపే ఉత్తరం కూడా తీసుకోండి.

పరీక్ష ఉందని భయపడి మందు మాత్రం ఆపకండి. క్లోబజామ్, ఫినోబార్బిటాల్ వంటి మూర్ఛ మందులు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి, ప్రాణం మీదికి రావచ్చు. ఏ ఉద్యోగమూ అంత విలువైనది కాదు.

మానాల్సింది గసగసాలు. మటన్ కూరలో నూరి వేసే ఆ గింజల్లో నల్లమందులో ఉండే మార్ఫిన్ కొద్దిగా ఉంటుంది. అది నిజమైన మార్ఫినే కాబట్టి మొదటి పరీక్ష తర్వాత చేసే నిర్ధారణ పరీక్షలోనూ కనిపించవచ్చు. నాలుగు రోజుల ముందు నుంచే వద్దనండి.

నమూనా ఇచ్చే రోజు వాడుతున్న మందులన్నీ, దగ్గు సిరప్ సహా, కాగితంపై రాసి ల్యాబ్ డాక్టరుకు ఇవ్వండి. మీ జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ తెలియాల్సిన పని లేదు. సీసాకు మీ ఎదుటే సీలు వేయించి, పేరు సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.

పాజిటివ్ వస్తే కంగారు పడకండి. మొదటి పరీక్ష మందుల కుటుంబాన్ని మాత్రమే పసిగడుతుంది, కొన్నిసార్లు పొరబడుతుంది కూడా. ఏ మందో కచ్చితంగా తేల్చేది మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే పద్ధతితో, చేసే నిర్ధారణ పరీక్ష. అమెరికాలో ప్రభుత్వ నిబంధనల కింద జరిగే పరీక్షల్లో, ఫలితం యజమానికి చేరకముందే ఒక డాక్టర్ ఉద్యోగితో మాట్లాడి చీటీ చూస్తారు. ఇక్కడ ఆ అవకాశాన్ని మనమే రాతపూర్వకంగా అడగాలి: “నేను డాక్టర్ సలహాపై ఫలానా మందు వాడుతున్నాను. నిర్ణయం తీసుకునే ముందు ఇదే నమూనాకు నిర్ధారణ పరీక్ష చేయించి, నివేదిక ప్రతి నాకు ఇవ్వగలరు.” తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకోండి. తమ్ముడి విషయంలో తేలింది క్లోబజామ్ ఒక్కటే, చీటీలో ఉన్నదీ అదే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మడికొండలో కంప్యూటర్ ముందు కూర్చునేవారికి అడ్డురాని మందు భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవారికి ప్రమాదం తేవచ్చు. మగత తెప్పించే మందైతే మీ డాక్టరుతో మాట్లాడి, యంత్రాలకు దూరంగా వేరే పని అడగండి.

వినకుండానే తీసేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పరిశ్రమల కార్మికులకు అక్కడ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు చీటీ, డాక్టర్ ఉత్తరం, సంతకం ఉన్న మీ అర్జీ ప్రతి వెంట తీసుకెళ్ళండి.