పాన్‌ఫిష్‌కి తక్కువ ఖర్చులో గాలం సామాను: చేప నోటి దగ్గర మొదలుపెట్టి కొనండి

అమెరికాలో మామూలు చెరువుల్లో, పార్కు కుంటల్లో ఎక్కువగా గాలానికి పడేవి బ్లూగిల్, రెడ్‌ఇయర్ సన్‌ఫిష్, క్రాపీ, ఎల్లో పెర్చ్. చేప మొత్తం ఒక పెనంలో పట్టేస్తుంది కాబట్టి వీటన్నిటినీ కలిపి పాన్‌ఫిష్ అంటారు. కొత్తవాళ్ళు షాపులోకి వెళ్ళగానే ముందు రాడ్ చేతిలోకి తీసుకుంటారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. ముందు చేప నోరెంతో చూడాలి, ఆ నోటికి సరిపడే హుక్ కొనాలి. తర్వాత ఆ హుక్‌కీ ఎరకీ తగిన లైన్, అన్నిటికన్నా చివర ఆ బరువును విసరగల రాడ్.

బ్లూగిల్ నోరు మన చిటికెన వేలి కొస పట్టేంతే ఉంటుంది. దానికి 8 లేదా 10 నంబరు హుక్ కావాలి. ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. క్రాపీ నోరు పెద్దది, దానికి 4 లేదా 6 సరిపోతుంది. బతికున్న మిన్నో చేపపిల్లను ఎరగా కడితే 2 దాకా వెళ్ళొచ్చు. పెర్చ్‌కి 6. రకం విషయానికొస్తే అబర్డీన్ హుక్‌నే అడగండి. తీగ సన్నం, కాడ పొడుగు. బ్లూగిల్ ఎరను గొంతుదాకా మింగేస్తుంది, అప్పుడు ఫోర్సెప్స్‌తో పట్టుకుని బయటికి తీయడానికి ఆ పొడవాటి కాడే ఆధారం. ఇంకో లాభం, నీళ్ళలో కొమ్మకు తగులుకున్నప్పుడు నిదానంగా లాగితే సన్నని తీగ సాగి నిటారై బయటికొస్తుంది, సామాను మొత్తం పోదు. ప్లయర్‌తో మళ్ళీ వంచి వాడుకోవచ్చు కానీ రెండుసార్లకు మించి వద్దు, మూడోసారి చేప మీదున్నప్పుడే విరుగుతుంది.

ఎర మాటిమాటికీ మాయమవుతూ చేప మాత్రం పడకపోతుంటే కారణం రెండింట్లో ఒకటి. హుక్ పెద్దదైనా అయుండాలి, వానపాము పొడుగైనా అయుండాలి. అర అంగుళం ముక్క చాలు. దాన్ని హుక్ మీదికి తొడుగులా ఎక్కించండి, తోక వేలాడనివ్వకండి. వేలాడిన తోకను పట్టి లాక్కుపోవడంలో బ్లూగిల్ దిట్ట.

బెండు, గుళ్ళు

ఎరుపు తెలుపు రంగుల్లో గుండ్రటి ప్లాస్టిక్ బెండ్లు చవకే గాని, అంగుళం దాటినవి ఈ చేపలకు పనికిరావు. చేప ఎర నోట పట్టుకుని కిందికి పోతుంటే ఆ బెండు పైకి గుంజుతుంది, చేపకు అనుమానం వచ్చి ఉమ్మేస్తుంది. సన్నటి పెన్సిల్ ఆకారం బెండు, లేదంటే అర అంగుళం గుండ్రటిది తీసుకోండి. ఒడ్డునే నీళ్ళలో వేసి చూడండి. కొస మాత్రమే పైకి కనపడేదాకా లైన్‌కి ఒక్కో గుండు, అంటే చిన్న బరువు, చేరుస్తూ పోవాలి. అలా తూకం కుదిరితే చేప కాస్త ముట్టినా బెండు కదులుతుంది.

చీలిక ఉన్న చిన్న గుళ్ళను హుక్‌కి 6 నుంచి 8 అంగుళాల పైన ప్లయర్‌తో మెల్లగా నొక్కాలి. పళ్ళతో కొరకడం చాలామందికి అలవాటు. సీసం కాబట్టి ఆ అలవాటు మానుకోవాలి. గట్టిగా నొక్కేస్తే లైన్ అక్కడే నలిగి తెగుతుంది. న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ లాంటి రాష్ట్రాల్లో చిన్న సీసం గుళ్ళ మీద నిషేధం ఉంది. లూన్ అనే నీటి పక్షులు వాటిని మింగి విషమెక్కి చనిపోతుంటాయి. తగరం గుళ్ళు ధరలో కాస్త ఎక్కువైనా ఎక్కడైనా చెల్లుతాయి.

రాడ్ పొడవుకన్నా లోతుగా ఎర దింపాలంటే జారే బెండు కావాలి. పైనుంచి వరుసగా దారం ముడి, పూస, బెండు, గుండు, హుక్. పూస మరిచిపోతే ముడి బెండు రంధ్రంలోంచి దూరిపోయి ఎర నేరుగా అడుక్కి పోతుంది.

జిగ్‌లు, ప్లాస్టిక్ ఎరలు

ఖర్చు తగ్గించుకోవడానికీ, అనవసరంగా పెంచుకోవడానికీ ఎక్కువ వీలున్నది ఇక్కడే. సీసం తల ఉన్న హుక్‌ను జిగ్ హెడ్ అంటారు. దాన్నీ, మీద తొడిగే మెత్తటి ప్లాస్టిక్ బాడీనీ విడివిడిగా కొంటే, జతచేసి అమ్మే ప్యాకెట్లకన్నా చాలా కలిసొస్తుంది. బరువులు 1/64, 1/32, 1/16, 1/8 ఔన్స్. 1/32 ఔన్స్ అంటే గ్రాము కూడా లేదు, అందుకే అది నిదానంగా దిగుతుంది. ఈ చేపలు చాలాసార్లు ఎరను దిగుతుండగానే అందుకుంటాయి కాబట్టి నిదానమే మేలు. బెండు కింద కట్టడానికి 1/64 లేదా 1/32, బెండు లేకుండా విసరడానికి 1/16. గాలి వీస్తున్నా, 15 అడుగుల లోతు దాటినా 1/8. మొదటిసారి కొనేటప్పుడు 1/32, 1/16 రెండే తీసుకోండి, పది పదిహేను చొప్పున. తగులుకుని పోవడం ఖాయం, కాబట్టి రకాలు ఎక్కువకన్నా ఒకే రకం ఎక్కువ ఉండడం నయం.

బాడీ పొడవు బ్లూగిల్‌కి అంగుళం నుంచి అంగుళంన్నర, క్రాపీకి 2 అంగుళాలు. ట్యూబ్ ఆకారంవి కదలకుండా వేలాడినా పోగుల్లాంటి తోక అల్లాడుతుంది, బెండు కిందికి అవే సరి. వంకీ తోకవి లాగుతున్నప్పుడే ఆడతాయి, విసిరి చుట్టడానికి అవి. బ్లూగిల్ వంకీ తోకను కొరికి వదిలేస్తుంటే, బాడీ ముందు భాగాన్ని పావు అంగుళం కోసి ఎక్కించండి. తోక హుక్‌కి దగ్గరవుతుంది.

రంగులు మూడు చాలు. తేట నీటికి తెలుపు, బురద నీటికి చార్ట్‌రూస్ అనే మెరిసే పసుపుపచ్చ, మబ్బుకీ సాయంకాలానికీ నలుపు. గోడ నిండా వేలాడే మిగతా రంగులు తర్వాత చూసుకోవచ్చు.

బాడీని హుక్ మీదికి నిటారుగా ఎక్కించాలి. వంకరగా ఎక్కితే నీళ్ళలో గిరగిర తిరిగి లైన్‌ని మెలేస్తుంది. ఒకటి రెండు చేపల తర్వాత కిందికి జారిపోతుంటే సీసం మెడ దగ్గర ఒక చుక్క సూపర్‌గ్లూ వేయండి. వేర్వేరు రకాల ప్లాస్టిక్ ఎరలను ఒకే అరలో కలిపి పెట్టకండి. రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, కొన్ని రకాలైతే కరిగి పెట్టెనే పాడుచేస్తాయి. దేని ప్యాకెట్‌లో దాన్ని ఉంచడమే క్షేమం.

చల్లటి నీళ్ళలో చేప మందకొడిగా ఉన్నప్పుడు మారాబూ అనే మెత్తటి ఈకలు కట్టిన జిగ్ బాగా పనిచేస్తుంది. మీరు కదపకపోయినా ఈక ఊపిరి పీలుస్తున్నట్టు ఆడుతుంది. ఇంటికి రాగానే ఆరబెట్టాలి, తడిగా పెట్టెలో పడేస్తే హుక్ తుప్పుపడుతుంది.

తిరిగే రేకున్న స్పిన్నర్లలో మెప్స్ అగ్లియా 0 లేదా 00 సైజు, రూస్టర్ టెయిల్ 1/16 ఔన్స్ నమ్మదగినవి. విసిరాక ఒక్కసారి చిన్నగా గుంజితే రేకు తిరగడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత అది ఆగిపోనంత నిదానంగా చుట్టాలి. వీటితో చిక్కు లైన్ మెలిక. ఎరకు 12 నుంచి 18 అంగుళాల పైన అతి చిన్న స్వివెల్ (తనలో తాను తిరిగే లోహపు ముక్క) కడితే చాలావరకు తగ్గుతుంది. జిగ్‌కి మాత్రం స్వివెల్ వద్దు, ఆ బరువుకే దాని ఆట పోతుంది. పిన్నీసు ఆకారంలో తీగ ఉండే బీటిల్ స్పిన్‌తో మెలిక సమస్య తక్కువ. బాడీ చిరిగితే మార్చుకోవచ్చు కనుక పెట్టిన డబ్బుకు ఎక్కువ రోజులు వస్తుంది.

లైన్

బ్లూగిల్‌లో ప్రపంచ రికార్డు 4 పౌండ్ల 12 ఔన్సులు. అలబామాలోని కెటోనా లేక్‌లో 1950లో పడింది. మనకు పడేవాటిలో ఎక్కువ భాగం అరపౌండు కూడా తూగవు. కాబట్టి 4 పౌండ్ల మోనో లైన్, అంటే 4 పౌండ్ల లాగుడు దాకా తెగని ఒంటి పోగు నైలాన్ లైన్, పుష్కలం. కొమ్మలూ చెట్ల మోడులూ ఎక్కువున్నచోట 6. అంతకన్నా లావైతే గ్రాము బరువు జిగ్ దాన్ని లాగలేదు. రీల్ నుంచి స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది, విసిరితే దూరం పోదు, ఎర తిన్నగా దిగదు. రాడ్‌తో పాటే చుట్టి ఇచ్చే లైన్ చాలాసార్లు లావుగానే ఉంటుంది, తీసేసి కొత్తది చుట్టండి. ఫ్లోరోకార్బన్, బ్రెయిడ్ అనే వేరే రకం లైన్ల మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి.

స్పిన్నింగ్ రీల్‌కి (లైన్ చుట్టుకునే స్పూల్ బయటికి కనపడే రకం) చుట్టేటప్పుడు కొత్త లైన్ ఉండను లేబుల్ పైకి ఉండేలా నేల మీద పెట్టండి. పదిహేను చుట్లు చుట్టి, లైన్‌ని వదులు చేసి చూడండి. మెలికలు పడుతుంటే ఉండను తిరగేయండి. స్పూల్ అంచుకు 3 మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. నిండుగా చుడితే ఒక్క విసురుకే గుత్తిగా ఊడి చిక్కుపడుతుంది, మరీ తక్కువైతే దూరం పోదు. హుక్ కట్టడానికి ఇంప్రూవ్డ్ క్లించ్ అనే ముడి చాలు. లైన్ కొసను లైన్ చుట్టూ ఐదు చుట్లు, బిగించే ముందు తడి చేయడం తప్పనిసరి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైన్ బలం పోతుంది.

రాడ్, రీల్

పిడికి పైన రాసున్న అంకెలు చదవండి. ఎర బరువు 1/32 లేదా 1/16 నుంచి 1/4 ఔన్స్, లైన్ 2 నుంచి 6 పౌండ్లు అనుంటే అది అల్ట్రాలైట్, మీకు కావలసింది అదే. పొడవు ఐదున్నర నుంచి ఆరున్నర అడుగులు. ఫైబర్‌గ్లాస్‌దైనా నష్టం లేదు, బరువెక్కువైనా తొందరగా విరగదు. కొనేముందు రింగుల లోపల దూది తిప్పి చూడండి. పోగు తట్టుకుంటే అక్కడ పగులుంది, ఆ పగులే రేపు లైన్‌ని కోస్తుంది. రీల్ 500 లేదా 1000 సైజు. బేరింగుల సంఖ్య చూసి మోసపోవద్దు, చేత్తో లైన్ లాగినప్పుడు డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని వదిలే బిగువు) కుదుపుల్లేకుండా వదులుతోందా అన్నది చూడండి. 4 పౌండ్ల లైన్‌కి డ్రాగ్ ఒక పౌండు దగ్గర పెట్టాలి. క్రాపీ నోటి పొర కాగితమంత పలుచన, డ్రాగ్ బిగువైతే హుక్ చేసిన రంధ్రం చిరిగి చేప జారిపోతుంది. పిల్లలకు బటన్ నొక్కే రీల్ తేలిక, కానీ దానికి 6 పౌండ్ల లైనే వేయండి. అంతకన్నా సన్నదైతే స్పూల్ వెనక్కి దూరి ఇరుక్కుంటుంది.

రాడ్, రీల్ కలిపి 25 నుంచి 40 డాలర్లలో మంచివే దొరుకుతాయి, మిగతా సామాను మొత్తం 20 డాలర్ల లోపు సర్దుకోవచ్చు. అదీ ఎక్కువనిపిస్తే రీల్ లేని 10 అడుగుల టెలిస్కోపిక్ కర్ర కొని, కొసకి కర్రంత పొడవు లైన్ కట్టండి. మోడుల మధ్య క్రాపీకి ఎర దించడంలో అది ఖరీదైన రాడ్‌ని కూడా మించుతుంది. చాలా స్టేట్ పార్కుల్లో, కొన్ని లైబ్రరీల్లో రాడ్లు అరువిస్తారు, కొనేముందు ఒకసారి అడగండి. లైసెన్స్ నిబంధనలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. టెక్సస్‌లో స్టేట్ పార్కు ఒడ్డు నుంచి గాలం వేస్తే లైసెన్స్ అక్కర్లేదు, చాలా రాష్ట్రాల్లో జూన్ మొదట్లో లైసెన్స్ లేకుండా పట్టనిచ్చే రోజులుంటాయి.

నీటి దగ్గర చివరి సవరణ లోతు. క్రాపీ కళ్ళు పైకి చూస్తుంటాయి, తనకన్నా పైనున్న ఎరకే లేస్తుంది, కిందున్నదాన్ని పట్టించుకోదు. అందుకని జిగ్‌ని చేపలున్న లోతుకు అడుగు పైన ఆపండి. నిలబడి ఉన్న బెండు ఉన్నట్టుండి నీటి మీద అడ్డంగా పడుకుంటే జిగ్‌ని కింది నుంచి చేప ఎత్తిందన్నమాట. మునిగేదాకా ఆగకుండా మణికట్టుతో మెల్లగా రాడ్ ఎత్తండి.