ఉగ్గుగిన్నె పట్టే ముందు: పిల్లల కడుపు బాధలు, సమస్య - పరిష్కారం

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగిళ్లలో పిల్లాడు గుక్కపెట్టి ఏడిస్తే ముందు వాము డబ్బా మూత తెరుచుకుంటుంది. ఏ మూలికైనా సరే, దానికి ముందు రెండు సంగతులు చూసుకోవాలి: బిడ్డకి ఎన్నో నెల, విరేచనం ఎలా ఉంది.

సాయంత్రమయ్యేసరికి కాళ్లు ముడుచుకుని ఏడుపు

పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న పసిబిడ్డ అయితే ఇది చాలావరకు కోలిక్, అంటే వేరే జబ్బేమీ లేకుండా పసిబిడ్డలకి వచ్చే ఆగని ఏడుపు. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకి దానంతట అదే పోతుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. ఇంగువ గోరువెచ్చని నీళ్లలో రంగరించి బొడ్డు చుట్టూ రాయడం మా అత్తగారి పద్ధతి. బొడ్డు ఊడి మానాక అయితే నాకు అభ్యంతరం లేదు. చర్మం ఎర్రబడితే కడిగేయాలి.

లోపలికి మాత్రం ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. సానరాయి మీద అరగదీసిన వసకొమ్ము నాకించకండి. అందులో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది, అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకం నిషేధించారు. తేనె ఏడాది నిండేదాకా వద్దు, బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఇక ఆముదం. మా పెద్దమ్మాయి నెలల పిల్లగా ఉన్నప్పుడు ఉగ్గుగిన్నెతో పోస్తుంటే పొలమారింది. పెదాలు నీలంగా తిరిగాయి, గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుందని ఆ తర్వాతే తెలిసింది.

నవరంగ్‌పుర్, కొరాపుట్ పల్లెల్లో కడుపు ఉబ్బిన పసివాళ్లకి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కడుపు బాధ తగ్గదు, పైగా కాలిన పుండు చీము పడుతుంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే వెంటనే ఆశా కార్యకర్తని పిలవండి.

నీళ్ల విరేచనాలు

ఎక్కువగా వైరస్, కలుషితమైన నీళ్లు, కడగని చేతుల వల్ల వస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. మిగిలింది 24 గంటల తర్వాత పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. తల్లిపాలు ఆపొద్దు. జింక్ మాత్రలు ఆశా దగ్గర అడగండి, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

మారేడు దగ్గర మన వైపు ఒక పొరపాటు జరుగుతుంది. ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతికి, అంటే ఒడియా వాళ్ల కొత్త సంవత్సరానికి, ఇంటింటా బెల పణా (మారేడు పండు గుజ్జు పానకం) కలుపుతారు కదా, కడుపుకి చలవని విరేచనాల పిల్లాడికీ పోస్తారు. పండిన గుజ్జు విరేచనం సాఫీ చేసేది. కట్టడానికి పెద్దలు వాడింది లేత కాయ ముక్కలు ఎండబెట్టి కాచిన కషాయం. చెట్టు ఒకటే, గుణం వేరు. అదైనా ఏడాది దాటినవాళ్లకే, ఓఆర్ఎస్‌తో పాటే.

కళ్లు గుంటలు పడినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా ఒంటేలు పోకపోయినా, రక్తం పడినా, పసరు వాంతి అయినా 108కి ఫోన్ చేయండి.

మలబద్ధకం, ఉబ్బరం

ఏడాది దాటాక గట్టిగా వెళుతుంటే పాలు ఎక్కువై అన్నం, కూర తగ్గాయేమో చూడండి. రాత్రి నానబెట్టిన పది ఎండుద్రాక్షలు పొద్దున్నే మెత్తగా పిసికి పెట్టండి.

వాము వంతు ఇప్పుడు. రెండేళ్లు దాటిన పిల్లలకి తిన్నాక కడుపు ఉబ్బరిస్తే, అర చెంచా వాము గ్లాసు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా రెండు చెంచాలు. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.