స్ట్రాపీలో 403 వస్తే కోడ్ జోలికి వెళ్లకండి

నోడ్ సర్వర్ మీద స్ట్రాపీ (సైట్ కంటెంట్‌ను దాచి, ఏపీఐ ద్వారా అందించే సాఫ్ట్‌వేర్) కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఒక మాట. 1337 పోర్టులో అడ్మిన్ ప్యానెల్ తెరుచుకుంటుంది, నాలుగు వ్యాసాలు కూడా ఎక్కిస్తారు. తీరా ఆ వ్యాసాల కోసం ఏపీఐని పిలిస్తే 403 ఎర్రర్! చాలామంది ఇక్కడే కోడ్ తిరగేస్తూ కూర్చుంటారు. తప్పు అక్కడ లేదు, అనుమతి ఇవ్వలేదంతే. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్ కింద రోల్స్‌కి వెళ్లి, పబ్లిక్ (లాగిన్ కాని సందర్శకుల రోల్) తెరవండి. మీ కంటెంట్ టైప్‌కి (ఉదాహరణకు వ్యాసాలు) ఫైండ్ (జాబితా చదవడం), ఫైండ్‌వన్ (ఒక్కటి చదవడం) రెండే టిక్ పెట్టి సేవ్ కొట్టండి. డిలీట్ మాత్రం ముట్టుకోవద్దు, దానికి టిక్ పెడితే లాగిన్ లేకుండానే ఎవరైనా మీ డేటా చెరిపేయగలరు. జవాబు వచ్చినా బొమ్మలు రాకపోతే కంగారొద్దు, రిక్వెస్ట్‌లో పాపులేట్ (బొమ్మల్లాంటి అనుబంధాలు కూడా పంపమనే సూచన) చేర్చాలి. అన్నట్టు, డ్రాఫ్ట్‌లో ఉన్నవి మామూలుగా రావు. పబ్లిష్ నొక్కారో లేదో చూసుకోండి.