నెమ్మది రిక్వెస్టులు – 4వ పాఠం: ఏ గడియారం దేన్ని లెక్కపెడుతుంది?

పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అంటే వెబ్‌సర్వర్ తరఫున పీహెచ్‌పీ పేజీలను నడిపే ప్రోగ్రామ్, పూల్ అంటే అందులో ఆ పని చేసే ప్రాసెస్‌ల (వర్కర్ల) గుంపు. పోయిన పాఠంలో ఆ పూల్ ఫైల్లో ‘రిక్వెస్ట్ టెర్మినేట్ టైమౌట్’ 10 సెకన్లు పెట్టమని రాశాను. అలా పెట్టినవాళ్లలో చాలామందికి నెలాఖరు రిపోర్టులు, పీడీఎఫ్ డౌన్‌లోడ్లు 502 ఎర్రర్‌తో (వెనక పీహెచ్‌పీ నుంచి సరైన జవాబు రాలేదని అర్థం) ఆగిపోయాయి. తప్పు పాఠంలోనే ఉంది. ఆ గడువు పూల్‌లోని ప్రతి పేజీకీ వర్తిస్తుంది, అది దాటితే ఎఫ్‌పీఎం ఆ వర్కర్‌నే చంపేస్తుంది. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది. చంపినప్పుడు మీ కోడ్‌లో చివర్న అన్నీ సర్దే ‘ఫైనల్లీ’ భాగం నడవదు, షట్‌డౌన్ ఫంక్షన్లూ నడవవు. ఫైలు సగం రాసి ఉంటే సగంలోనే మిగిలిపోతుంది. అందుకే ఇండెక్సుల పాఠాన్ని వాయిదా వేసి ముందు దీన్ని సరిచేద్దాం.

నేను ఏ సర్వర్‌లోనైనా రెండు పూల్స్ పెడతాను. మామూలు పేజీలకు ఒకటి, గడువు 30 సెకన్లు. రిపోర్టులకు ఇంకొకటి, వర్కర్లు 2, గడువు 300 సెకన్లు. ముందు ఉండే వెబ్‌సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌లో రిపోర్టుల లొకేషన్‌ని (వాటి చిరునామాల భాగాన్ని) ఆ రెండో పూల్‌కి మళ్లించి, అక్కడ ‘ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమౌట్’ 310 చేయండి. దాన్ని ముట్టుకోకపోతే 60 సెకన్లకే 504 (గడువులోగా జవాబు రాలేదు) వస్తుంది. రిపోర్టులు ఎంత మొరాయించినా ఆ ఇద్దరు వర్కర్లే ఇరుక్కుంటారు, లాగిన్ పేజీకి ఏమీ కాదు.

ఇక అసలు ఉచ్చు. 502 చూసి టెన్షన్ పడి, కొందరు టెర్మినేట్ లైన్ తీసేశారు. దాని బదులు పీహెచ్‌పీ సెట్టింగుల్లో ‘మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్’ 30 పెట్టారు. పెట్టాక కూడా పేజీ 2 నిమిషాలు తిరుగుతోందని రాశారు. ఇదే పొరపాటు ఏళ్లుగా చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పేరు చదివిన ఎవరైనా అది పేజీకి పట్టే మొత్తం సమయమనే అనుకుంటారు. లినక్స్‌లో మనం వాడే మామూలు పీహెచ్‌పీలో ఆ గడియారం గోడ మీద గడియారం కాదు. స్క్రిప్ట్ సీపీయూని వాడుతున్నంత సేపే అది నడుస్తుంది. స్క్రిప్ట్ దేనికోసమైనా ఎదురుచూస్తుంటే గడియారం ఆగి ఉంటుంది. డేటాబేస్ జవాబు రావాలి, అది లెక్కలోకి రాదు. పేమెంట్ గేట్‌వే పలకాలి, అదీ రాదు. ఫైల్ లాక్ వదలాలి, అదీ అంతే. నెమ్మది పేజీల్లో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఎదురుచూపే. అంటే ఏ సమయాన్ని ఆపాలని మీరు ఆ 30 పెట్టారో, సరిగ్గా ఆ సమయాన్నే అది లెక్కపెట్టదు. విండోస్‌లో మాత్రం నిజమైన సమయాన్నే లెక్కిస్తుంది. లాప్‌టాప్‌లో బాగా పనిచేసింది సర్వర్‌లో పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే.

నా మాట నమ్మక్కర్లేదు. ఆ విలువ 3 చేసి, 20 సెకన్ల ‘స్లీప్’ ఉన్న పేజీ తెరవండి. 20 సెకన్లకు ఏ ఎర్రరూ లేకుండా వస్తుంది. స్లీప్ తీసేసి అంతంలేని లూప్ పెట్టండి. 3 సెకన్లకే ఫేటల్ ఎర్రర్.

కాబట్టి గడువు ఎదురుచూపు ఉన్నచోటే పెట్టాలి. పీహెచ్‌పీలోని కర్ల్ లైబ్రరీతో బయటి సర్వీసును పిలుస్తుంటే, మీరు ఏమీ చెప్పకపోతే కనెక్షన్ కోసం 300 సెకన్ల దాకా ఆగుతుంది, మొత్తం పనికి అసలు గడువే ఉండదు. నేను కనెక్షన్‌కి 2, మొత్తానికి 5 పెడతాను. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కూడా ‘మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్’ అనే పేరే ఉంది, కానీ అది వేరు. మిల్లీసెకన్లలో ఉంటుంది, సెలెక్ట్ క్వెరీలకే పనిచేస్తుంది. అక్కడ 30 రాస్తే 30 మిల్లీసెకన్లు దాటిన ప్రతి సెలెక్టూ ఆగిపోతుంది, 5000 రాయండి. లోపలి గడువు చిన్నది, బయటిది పెద్దది. కర్ల్ 5, ఎఫ్‌పీఎం 30, ఇంజిన్‌ఎక్స్ 60. ఈ వరుస తలకిందులైతే ఇంజిన్‌ఎక్స్ 504 ఇచ్చి తప్పుకుంటుంది, వెనక వర్కర్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. యూజర్ రీఫ్రెష్ కొడతాడు, ఇంకో వర్కర్ ఇరుక్కుంటుంది.

నెమ్మది పేజీ ఆ క్షణంలో ఏ ఫంక్షన్‌లో ఉందో ఎఫ్‌పీఎం రాసిపెట్టే ఫైలే స్లోలాగ్. ‘స్లోలాగ్‌లో ప్రతిసారీ సెషన్ స్టార్ట్ అనే కనిపిస్తోంది, అది ఎందుకు నెమ్మది?’ అని కూడా అడిగారు. అది నెమ్మది కాదు. సెషన్లు ఫైళ్లలో ఉంటే, ఒక యూజర్ పేజీ నడుస్తున్నంత సేపూ ఆ ఫైలు లాక్ అయి ఉంటుంది. అదే యూజర్ నుంచి వచ్చిన మిగతా రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. లాగ్‌లో కనిపించేది ఆగినవాళ్లు, ఆపినవాడు కాదు. సెషన్‌లోకి రాయాల్సింది అయిపోగానే ‘సెషన్ రైట్ క్లోజ్’ పిలవండి.

స్లోలాగ్‌లో పేజీ పేరు ఎప్పుడూ ఇండెక్స్ ఫైలే కనిపిస్తే, అందులోని పీఐడీని (ప్రాసెస్ నంబర్) ఎఫ్‌పీఎం యాక్సెస్ లాగ్‌తో పోల్చండి. దానికోసం లాగ్ ఫార్మాట్‌లో పీఐడీతో పాటు రిక్వెస్ట్ యూఆర్‌ఐ (బ్రౌజర్ అడిగిన చిరునామా) కూడా చేర్చాలి. డాకర్‌లో స్లోలాగ్ ఖాళీగా ఉంటే కంటైనర్‌కి పీట్రేస్ (ఒక ప్రాసెస్ ఇంకోదాని లోపల చూసే) అనుమతి ఇవ్వండి.

సాధన. ఇది చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ తప్పించుకోవద్దు. లైవ్ సర్వర్‌లో మాత్రం వద్దు. టెస్ట్ మెషీన్‌లో పూల్‌ని స్టాటిక్ (వర్కర్ల సంఖ్య మారకుండా) చేసి వర్కర్లు 2, టెర్మినేట్ గడువు 50 సెకన్లు పెట్టండి (30 ఉంటే రెండో పేజీ మధ్యలోనే చస్తుంది), పూల్‌ని సాకెట్ బదులు పోర్ట్ మీద వినమనండి. రెండు వేర్వేరు ఫైళ్లలో సెషన్ మొదలుపెట్టి 20 సెకన్ల స్లీప్ రాయండి. ఒకే బ్రౌజర్‌లో రెండూ తెరిచి, రెండోది ఎన్ని సెకన్లకు వచ్చిందో రాసుకోండి. అవి నడుస్తుండగానే, ఎఫ్‌పీఎం పరిస్థితి చూపే స్టేటస్ పేజీ తెరవండి. తెరుచుకోదు, ఎందుకంటే దాన్ని కూడా ఒక వర్కరే ఇవ్వాలి. పీహెచ్‌పీ 8.0 నుంచి ఉన్న ‘స్టేటస్ లిసెన్’తో దానికి వేరే పోర్ట్ ఇవ్వండి. మళ్లీ మొదటినుంచి చేసి, ఈసారి మూడో పేజీ కూడా తెరిచి స్టేటస్ పేజీలో ‘లిసెన్ క్యూ’ (వర్కర్ కోసం వరుసలో ఆగిన రిక్వెస్టులు) అంకె ఎంత దాకా వెళ్తుందో చూడండి. తర్వాత సెషన్ ముందే మూసి, ఇంకోసారి కొలవండి. మూడు కొలతలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి, ఇండెక్సుల పాఠంలో వాటితోనే మొదలుపెడతాం.