రిఫ్రాక్టర్ టెలిస్కోప్‌లో బొమ్మ సరిగ్గా రావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

టెలిస్కోప్‌లో ఏదీ సరిగ్గా కనపడకపోతే చాలామంది చెయ్యి నేరుగా ముందున్న పెద్ద లెన్స్ మీదికి పోతుంది. తుడుస్తారు, రింగు విప్పుతారు, లోపలికి తొంగి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రిఫ్రాక్టర్‌లో, అంటే అద్దంతో కాకుండా లెన్స్‌తో కాంతిని పోగుచేసే టెలిస్కోప్‌లో, అన్నిటికంటే తక్కువగా చెడేది ఆ లెన్సే. లోపం ఎక్కువసార్లు ఐపీస్‌లోనో, డయాగనల్‌లోనో, ట్రైపాడ్‌లోనో, లేదంటే మనకూ నక్షత్రానికీ మధ్యనున్న గాలిలోనో ఉంటుంది. అందుకే వెతుకులాట కంటి దగ్గర మొదలుపెట్టి ముందుకు సాగాలి. పెద్ద లెన్స్ వంతు చిట్టచివర రావాలి.

ముందు కాంతి నడిచే దారి చూద్దాం. ముందున్న ఆబ్జెక్టివ్ లెన్స్ కాంతిని పోగుచేసి, వంచి, గొట్టం వెనక చివర ఒక చిన్న ప్రతిబింబాన్ని నిలుపుతుంది. దాన్ని భూతద్దంలా పెద్దది చేసి చూపేది ఐపీస్. మెడ వంచకుండా చూడటానికి మధ్యలో కాంతిని మళ్లించేది డయాగనల్. ఐపీస్‌ను, డయాగనల్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది ఫోకసర్. 70 మి.మీ. లెన్స్, చీకట్లో 7 మి.మీ. వరకు విచ్చుకున్న కంటిపాప కంటే 100 రెట్లు ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది. లెన్స్ నుంచి దూరపు వస్తువు ప్రతిబింబం నిలిచే చోటుకున్న దూరమే నాభ్యంతరం. ఆబ్జెక్టివ్ నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో (దాని మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో తెలుస్తుంది. 700 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 28 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 70 రెట్లు.

అంతా చీకటి, ఏమీ దొరకడం లేదు

మూత తీశారా చూడండి. చాలా మూతల మధ్యలో ఇంకో చిన్న మూత ఉంటుంది. అదొక్కటే తీసి పెద్దది అలాగే వదిలేస్తే కాంతి బాగా తగ్గిపోతుంది. మూత బాగానే ఉంటే తప్పు ఫైండర్‌ది, అంటే గురి చూసుకోవడానికి గొట్టం మీద బిగించే చిన్న పరికరానిది. ఫైండర్, గొట్టం ఒకే చోటికి చూడకపోతే రాత్రంతా వెతికినా ఏమీ దొరకదు. దీన్ని పగలే సరిచేయాలి. దూరంగా, కనీసం అర కిలోమీటరు అవతల ఉన్న టవర్ కొసనో స్తంభం తలనో 25 మి.మీ. ఐపీస్‌లో సరిగ్గా మధ్యకు తెచ్చి, గొట్టాన్ని కదలకుండా బిగించి, ఫైండర్ మరలు తిప్పుతూ అదే కొసను దాని గుర్తు మీదికి తేవాలి. తర్వాత 10 మి.మీ. ఐపీస్‌తో ఇంకోసారి సరిచూసుకోవాలి.

రాత్రి వెతికేటప్పుడు ఎప్పుడూ పెద్ద అంకె ఉన్న ఐపీసే పెట్టండి. మామూలు 25 మి.మీ. ఐపీస్‌లో సుమారు 1.8 డిగ్రీల ఆకాశం పడుతుంది, అంటే చందమామ మూడుసార్లు పట్టేంత. 4 మి.మీ.దాంట్లో చందమామ సగం కూడా సరిగ్గా పట్టదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ పగటి పనిలో గొట్టం పొరపాటున కూడా సూర్యుడి వైపు తిరగకూడదు. ఒక్క క్షణం చాలు, చూపు పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సౌర ఫిల్టర్ ఉండాలి, ఫైండర్‌కు మూత పెట్టి ఉండాలి. ఐపీస్‌కు బిగించే చిన్న సూర్య ఫిల్టర్ మీ పెట్టెలో ఉంటే పారేయండి. కాంతి కేంద్రీకృతమయ్యే చోటే అది ఉంటుంది కాబట్టి వేడికి పగిలిపోతుంది.

ఫోకసర్ చివరిదాకా తిప్పినా స్పష్టత రాదు

చివరిదాకా అంటే ఎటు చివరిదాకా? ఇది తేల్చుకుంటే సగం సమస్య తీరినట్టే. పగటిపూట దూరంగా ఉన్న వస్తువును చూస్తూ, ఐపీస్ మరను వదులు చేసి, ఐపీస్‌ను చేత్తో మెల్లగా వెనక్కి లాగండి. లాగుతున్నకొద్దీ బొమ్మ తేరుకుంటుంటే గొట్టం పొడవు చాలడం లేదన్నమాట. డయాగనల్ పెట్టకుండా ఐపీస్‌ను నేరుగా ఫోకసర్‌లో దూర్చినప్పుడు ఇలా జరుగుతుంది. డయాగనల్ లోపల కాంతి నడిచే దూరాన్ని కూడా లెక్కలో వేసుకునే ఈ గొట్టాలు తయారవుతాయి. డయాగనల్ పెట్టండి, లేదా పొడిగింపు గొట్టం వాడండి.

లాగితే ఇంకా మసకబారుతోందా? అయితే ఫోకసర్ ఇంకా లోపలికి పోవాలి, పోవడానికి చోటు లేదు. మధ్యలో ఏదో అదనంగా ఉంది. డయాగనల్‌కు తోడు నిలువు బొమ్మ కోసం ఇచ్చే ప్రిజం కూడా పెట్టారేమో చూసి, ఒకటి తీసేయండి.

దగ్గరి వస్తువుల సంగతి వేరు. 700 మి.మీ. లెన్స్‌కు 50 మీటర్ల దూరంలోని వస్తువు ప్రతిబింబం నక్షత్రం ప్రతిబింబం కంటే 10 మి.మీ. వెనక పడుతుంది. అదే 10 మీటర్ల దూరంలోనిదైతే దాదాపు 53 మి.మీ. వెనక. గది అవతలి గోడ మీది అక్షరాలు కనపడలేదని టెలిస్కోప్ పాడైందనుకోకండి. మూసిన కిటికీ అద్దం గుండా చూసినా స్పష్టత రాదు. ఆ అద్దం ఇలాంటి పనికి తగినంత సమంగా ఉండదు.

నక్షత్రం మీద ఫోకస్ చేసేటప్పుడు అది ముందు గుండ్రటి వెలుగు బిళ్లలా కనిపిస్తుంది. ఫోకసర్‌ను బిళ్ల చిన్నదయ్యే వైపు తిప్పండి. చుక్కగా మారాక కూడా ఆగకుండా మళ్లీ పెద్దదయ్యేవరకు వెళ్లి, వెనక్కి రండి. రెండు వైపుల నుంచీ చూస్తే గానీ అసలైన చోటు తెలియదు.

చిన్న ఐపీస్ పెడితే అంతా మసక

ఇది లోపం కాదు, హద్దు. ఒక టెలిస్కోప్ పనికొచ్చేలా చూపగలిగింది లెన్స్ వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో అంతకు సుమారు రెండు రెట్లే. అంటే 70 మి.మీ. లెన్స్‌కు 140. పెట్టె మీద 525 రెట్లు అని ఉంటే అది 4 మి.మీ. ఐపీస్‌కు మూడు రెట్ల బార్లో (ఐపీస్ చూపేదాన్ని ఇంకా పెద్దది చేసే అదనపు లెన్స్) జోడించి వేసిన లెక్క. లెక్క తప్పు కాదు గానీ, కంటికి చేరేది చీకటి ముద్ద మాత్రమే. బొమ్మ రెట్టింపు పెద్దదైతే అదే కాంతి నాలుగింతల విస్తీర్ణంలో పరుచుకుంటుంది మరి.

హద్దులోపల ఉన్నా మసకగా, నీటి అడుగున ఉన్నట్టు కదులుతుంటే కారణం గాలి. వస్తువు ఆకాశంలో పైకి వచ్చేదాకా ఆగండి. ఎండకు కాగిన కప్పులు, కాంక్రీటు మీదుగా చూడకండి. గదిలోంచి తెచ్చిన టెలిస్కోప్‌ను అరగంట బయట ఉంచి, బయటి వేడికి సర్దుకోనివ్వండి.

చందమామ అంచున ఊదారంగు

రిఫ్రాక్టర్‌కు పుట్టుకతో వచ్చిన గుణమిది. గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది, నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా. అందుకే అన్ని రంగులూ ఒకే చోట కలవవు. ఇది తీరేది కాదనుకునే న్యూటన్ అద్దంతో పనిచేసే టెలిస్కోప్ వైపు మళ్లాడు. లెన్స్‌నే నమ్ముకున్న ఖగోళ శాస్త్రవేత్త హెవీలియస్ రంగులు తగ్గించడానికి 46 మీటర్ల పొడవు టెలిస్కోప్ కట్టాడు. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులను జతచేస్తే ఒకటి చేసిన చెడుపును మరొకటి దిద్దుతుందని 1730ల నాటికి ఛెస్టర్ మూర్ హాల్ కనుక్కున్నాడు. 1758లో జాన్ డాలండ్ దానికి పేటెంట్ పొందాడు. మన మామూలు గొట్టాల్లో ఉన్నది ఆ జంట లెన్సే, అక్రోమాట్. అది రెండు రంగులను ఒకచోట కలుపుతుంది, ఊదా మాత్రం కొంచెం మిగిలిపోతుంది.

ఊదా చుట్టూ సమానంగా ఉంటే అది లెన్స్ గుణం. ఒక అంచున ఎరుపు, ఎదుటి అంచున నీలం ఉంటే, వస్తువు దిగువన ఉందంటే, గాలే ప్రిజంలా పనిచేస్తోంది. పైకి వచ్చాక అదే పోతుంది. లెన్స్ ఊదాను తగ్గించడానికి లేతపసుపు ఫిల్టర్ ఉంది. ఖర్చు లేని దారి ఇంకోటి ఉంది: మూత మధ్యలోని చిన్న రంధ్రం గుండా చూడటం. 500 మి.మీ. నాభ్యంతరం గల 100 మి.మీ. లెన్స్ ముందు 50 మి.మీ. రంధ్రం పెడితే ఎఫ్/5 (నాభ్యంతరాన్ని లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) కాస్తా ఎఫ్/10 అవుతుంది. కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది, సన్నని వివరాలూ కొంత తగ్గుతాయి. చందమామకు, శుక్రుడికి మాత్రం కాంతి కొదవ ఉండదు.

నక్షత్రం చుక్కలా లేదు, తోకతోనో మూడు మూలలతోనో ఉంది

ఇక్కడ ఓపిక కావాలి. నడినెత్తిన ఉన్న ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యకు తెచ్చి, ఒక్కో భాగాన్నే తిప్పుతూ చూడండి. మొదట మీ తలను పక్కకు వంచండి. ఆకారం మీతో పాటు తిరిగితే లోపం మీ కంటిది, కళ్లద్దాలు పెట్టుకునే చూడండి. తర్వాత ఐపీస్‌ను దాని చోటనే తిప్పండి. తోక దాంతో తిరిగితే ఐపీస్ మార్చాలి. ఆ తర్వాత డయాగనల్ తీసేసి, పొడిగింపు గొట్టంతో నేరుగా చూడండి. నక్షత్రం శుభ్రంగా కనిపిస్తే దోషి దొరికినట్టే. చవక డయాగనల్‌లో అద్దం ఒరిగి ఉండటం మామూలే.

ఇవన్నీ దాటాకే ఆబ్జెక్టివ్‌ను అనుమానించాలి. నక్షత్రాన్ని కొద్దిగా ఫోకస్ తప్పిస్తే వలయాలు కనిపిస్తాయి. అవి ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి. మూడు మూలలుగా ఉంటే లెన్స్‌ను పట్టి ఉంచే రింగు బిగువెక్కి గాజును నొక్కుతోంది. దాన్ని కాస్తంత వదులు చేస్తే చాలు. లెన్సులను మాత్రం బయటకు తీయకండి. ఆ రెండు గాజుల వరుస, ముఖాలు, మధ్య ఖాళీ అన్నీ లెక్క ప్రకారం అమర్చినవి. వలయాలు ఒకవైపుకు ఒరిగి ఉంటే లెన్స్ ఒరిగిందని అర్థం. సర్దే మరలు లేని గొట్టమైతే తెలిసినవారికి అప్పగించడమే మేలు.

బొమ్మ తలకిందులు

రెండు కుంభాకార లెన్సులతో ఇంతే. 1611లో కెప్లర్ వర్ణించిన అమరిక ఇదే. డయాగనల్ పెడితే బొమ్మ నిలువుగా వస్తుంది, కుడి ఎడమలు మాత్రం మారతాయి. ఆకాశానికి ఇబ్బంది లేదు. పగటి దృశ్యాలకు నిలువు బొమ్మ ఇచ్చే ప్రిజం పెట్టుకోండి.

ముట్టుకుంటే ఊగుతుంది, వదిలేస్తే జారిపోతుంది

ఊగడం ట్రైపాడ్ దోషం. కాళ్లు పూర్తిగా పొడిగించకుండా కూర్చుని చూడండి, మరలన్నీ బిగించండి, మధ్య పళ్లెం కింద బరువు వేలాడదీయండి. జారిపోవడానికి కారణం భూమి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 70 రెట్లలో గ్రహం మూడు నిమిషాల్లోపే దాటిపోతుంది. అది వచ్చే అంచున పెట్టి వదిలేయండి, మధ్యకు వచ్చేలోపు ఊగడమూ ఆగుతుంది.

గంట తర్వాత అన్నీ మసకబారాయి

ముందు లెన్స్ మీద టార్చి వేయండి. మంచు పట్టి ఉంటుంది. తుడవకండి, తడి మీద దుమ్మును రుద్దితే గాజు పూత మీద గీతలు పడతాయి. హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడి మీద, దూరంగా పెట్టి ఆరబెట్టండి. ముందున్న తొడుగు పొట్టిగా ఉంటే నల్ల అట్టతో లెన్స్ వ్యాసానికి రెండింతల పొడవు తొడుగు చుట్టండి. మూత పెట్టేది లెన్స్ పూర్తిగా ఆరాకే. తడి లోపల ఉండిపోతే గాజు మీద బూజు పడుతుంది, పూతనూ తినేస్తుంది.