గాలికుంటు వైరస్ రకం తేల్చాలంటే నమూనా ఎలా తీయాలి?

పశువుల నోట్లో, కాళ్లకు బొబ్బలు తెచ్చే గాలికుంటు వైరస్‌లో ఓ, ఎ, సి, ఆసియా 1, శాట్ 1, 2, 3 అని 7 రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని ఆపదు. ఒకే రకంలోని వంశాల మధ్య కూడా తేడాలుంటాయి. అందుకే మందలో ఏది తిరుగుతోందో తెలుసుకోకుండా టీకా ఎంచుకోవద్దు.

పశువైద్యుడి చేత నాలుక, చిగుళ్లు చూపించండి. పగలని బొబ్బ దొరికితే మేలు. లేదంటే, అప్పుడే పగిలిన బొబ్బ అంచున వేలాడే తెల్లటి పొరను కనీసం 1 గ్రాము తీయాలి. పాత పుండు మీది చెక్కులో వైరస్ అరుదుగా దొరుకుతుంది. తీసే ముందు నోటిని మందునీళ్లతో కడగొద్దు.

పొరను గ్లిజరాల్, ఫాస్ఫేట్ బఫర్ (పిహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) సమపాళ్లలో కలిపిన ద్రవంలో ముంచాలి. దాని పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. చాలా నమూనాలు ఇక్కడే పాడవుతాయి: ద్రవం ఆమ్లంగా మారితే వైరస్ చచ్చిపోతుంది. బయలుదేరే ముందు పిహెచ్ మరోసారి చూసుకోండి, దయచేసి.

ఒక్క పశువుతో సరిపెట్టకుండా మూడు నాలుగింటి నుంచి వేర్వేరు సీసాల్లో తీయండి. సీసాపై పశువు నంబరు, తేదీ, చివరి టీకా వివరం రాయండి. బయట తుడిచి, ఐసులో పెట్టి పంపండి. ల్యాబ్‌లో వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసే వీపీ1 జన్యువు వరుస చదివించమని అడగండి. వంశం తేలేది దాంతోనే.